అన్న ఊళ్లో లేడు

జనవరి ఇరవై ఆరున మా ఊరికి పేపరు నరసరావుపేట నుంచి పొద్దుటి మొదటి బస్సులో వస్తుంది. ఆ ఒక్క రోజు నేను రోడ్డు దాకా నడిచి వెళ్లి పేపరు కొనుక్కుంటాను. ముందురోజు సాయంత్రం ఢిల్లీలో ప్రకటించిన బిరుదుల జాబితా కోసం. అన్నిటికంటే పెద్ద బిరుదు ఎవరికి వచ్చిందో పైన పెద్దక్షరాల్లో ఉంటుంది. దానితో నాకు పని లేదు. లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, పద్మశ్రీలు ఉంటాయి. డాక్టర్లు, ఆటగాళ్లు, సినిమావాళ్లు, వాళ్ల మధ్యలో ఎక్కడో సంగీతం వాళ్లు. వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుతాను. డోలు వాయించేవాడు ఒక్కడైనా ఉన్నాడా అని మొదట చూస్తాను. ఆ తర్వాత మా అన్న పేరు కోసం చూసేవాణ్ణి. చనిపోయినవాళ్లకు మామూలుగా ఆ బిరుదు ఇవ్వరు కాబట్టి ఇప్పుడు ఆ రెండో పని లేదు. అయినా వేలు చివరి పేరు దాకా పోయి గాని ఆగదు.

మాది సత్తెనపల్లి పోయే దారికి రెండు మైళ్లు లోపలున్న ఊరు. మేం సాయిబులం. తాతల నాటి నుంచి గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ సన్నాయి మేళం మాది. అన్న నాదస్వరం, నేను డోలు. అన్న చిన్నతనంలోనే అరవదేశం పోయి, గురువు ఇంట్లో బట్టలుతికి, నీళ్లు మోసి, పదకొండేళ్లు నేర్చుకొని వచ్చాడు. నేను అన్న దగ్గర నేర్చుకున్నాను. ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి మా ఇంట్లో ఉత్తరాలు, అర్జీలు రాసేది నేనే.

రాయవలసినవి చాలా ఉండేవి. మాచర్ల వైపు ఒక పెద్దింటి పెళ్లిలో పొద్దుటి నుంచి వాయించి, తాళి కట్టేటప్పుడు గట్టిమేళం కొట్టి, ఆకలి మీద ఉన్న మాకు గడ్డివాము వెనక విస్తళ్లు వేశారు. వంకాయకూర అయిపోయిందన్నారు. నేను కూర్చున్న చోటికి వంటపందిట్లో కూర గంగాళం కనిపిస్తూనే ఉంది. మరోచోట ఉత్సవం ముగిశాక అన్నకు పట్టు శాలువా కప్పి, నా భుజం మీద తువ్వాలు వేశారు. దాని అంచున కొట్టువాడు వేసిన ముద్ర కూడా చింపలేదు. ఒకసారి అన్న కచేరీ రేడియోలో వచ్చింది. నాదస్వరం ఎవరిదో చెప్పారు, డోలు ఎవరిదో చెప్పలేదు. ఈ మూడింటికీ నేను ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నకళ్లు నా దగ్గర ఉన్నాయి.

అన్న ఇవేమీ పట్టించుకునేవాడు కాదు. "నీకు డోలు కంటే జ్ఞాపకాలు బరువెక్కువరా" అనేవాడు.

అప్పట్లో నరసరావుపేటలో రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన ఉండేవారు. కోటప్పకొండ తిరునాళ్లలో అన్న వాయిస్తే ఎండలో నిలబడి చివరి దాకా వినేవారు. ఢిల్లీ వాళ్లు ఆ బిరుదుల్ని కొన్నేళ్లు ఆపేసి మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టిన కాలం అది. ఒకరోజు మాస్టారు సైకిలు మీద మా ఇంటికి వచ్చి, ఇంత విద్వాంసుడు ఉన్నాడని ఢిల్లీకి ఎవరో ఒకరు చెప్పాలి గదా అన్నారు. జిల్లా నుంచి సిఫారసు పోవాలని, దాన్ని హైదరాబాదులో చూస్తారని, అక్కడ నచ్చితే ఢిల్లీకి పంపుతారని వివరంగా చెప్పారు. ఎప్పుడైనా ఎవరైనా అడగడానికి వస్తే ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. ఆ చివరి మాట నేను విన్నాను. విన్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మాస్టారూ నేనూ నెల రోజులు తిరిగి కాగితాలు పోగుచేశాం. గుడివాళ్లు ఇచ్చిన సన్మాన పత్రాలు, పాత కరపత్రాలు, అరవదేశం నుంచి గురువుగారి కొడుకు రాసిన ఉత్తరం. నరసరావుపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషులో నాలుగు పేజీలు కొట్టించారు మాస్టారు. తెలుగులో చెప్పమని అడిగితే వాక్యం వాక్యం చెప్పారు. అన్న పుట్టుక ఉంది, గురువు ఉన్నాడు, కొండ ఉంది. పాతికేళ్లు పక్కన కూర్చుని డోలు వాయించిన తమ్ముడు లేడు.

"నాలుగు పేజీల్లో నేనెక్కడున్నానండీ?" అని అడిగాను.

"ఇది ఒక్క మనిషికిచ్చేదయ్యా. మేళానికిచ్చేది కాదు" అన్నారు మాస్టారు. నిజమే చెప్పారు. అయినా ఆ మాట నాలో ఉండిపోయింది.

అన్న పైకి ఏమీ పట్టనట్టే ఉన్నాడు గాని, మాస్టారు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేవాడు. రాష్ట్రపతి గారు పతకం చేతికిస్తారా, చొక్కాకు పెడతారా అని ఒకసారి. ఢిల్లీ చలికి పీక బిగుసుకుపోతుందేమో అని ఒకసారి. నాదస్వరానికి నోట్లో పెట్టుకునే రెల్లు పీకలు అన్న తనే చీరి, గీకి చేసుకునేవాడు. ఆ ఏడాది మంచివి ఆరు చేసి వేరే డబ్బాలో దాచాడు. ఇంకోసారి, నేను అక్కడే ఉండగా, "లోపలికి మా తమ్ముణ్ణి రానిస్తారాండీ? డోలు తెచ్చుకోవచ్చునా?" అని అడిగాడు. ఇంటివాళ్లను ఒకరిద్దరిని రానిస్తారు గాని డోలుతో కాదని మాస్టారు నవ్వారు. కొన్నాళ్లకు వదిన నన్ను పిలిచి పెట్టె తీసి చూపించింది. మెడ దాకా బొత్తాలున్న నల్లకోటు. ఎవరికీ చెప్పకుండా పేటలో కుట్టించుకొని వచ్చాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. దానికి ముందటి ఏడు గురజాల దగ్గర ఒక ఊళ్లో పెళ్లి ఊరేగింపుకు వాయిస్తున్నాం. పట్టపగలు. ఊళ్లో రెండు పార్టీలు. ఊరేగింపు ఎవరి వాకిటి ముందు నుంచి పోవాలనే దగ్గర మాటా మాటా పెరిగి, మాకు మూడు బారల దూరంలో ఒక మనిషిని గొడ్డలితో కొట్టి చంపారు. మేళం ఎప్పుడూ ముందే నడుస్తుంది కాబట్టి జరిగిందంతా మాకు కనపడింది. పోలీసులు మేళానికి పెద్ద అని అన్నను ఒక్కణ్ణే సాక్షిగా రాసుకున్నారు. ఆ తర్వాత రెండు పార్టీల వాళ్లూ వేరువేరుగా మా ఇంటికి వచ్చారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. మంచం మీద కూర్చుని మంచినీళ్లు తాగారు. వాళ్లలో ఒక పెద్దాయన అన్న చెయ్యి తన చేతిలోకి తీసుకొని, వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసి, "బంగారం లాంటి వేళ్లు సాయిబూ. జాగర్తగా చూసుకో" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఒకరి పక్షాన సాక్ష్యం చెబితే రెండోవాళ్ల ఊళ్లలో పెళ్లిళ్లు పోతాయి. పోయేది పెళ్లిళ్లొక్కటే అయితే అదృష్టం. అందుకని కోర్టు కాగితం పట్టుకుని ఎవరు వచ్చినా నేను వాకిట్లోకి వచ్చి ఒకటే మాట చెప్పేవాణ్ణి: అన్న ఊళ్లో లేడు, అరవదేశం పోయాడు. అన్న లోపల చాప మీద కూర్చుని ఊపిరి బిగబట్టేవాడు. ఎదురింటి రైతును మేం బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన అరుగు మీది నుంచే, అడక్కపోయినా, నాకు వంత పాడేవాడు. నేను కూడా ఆయన కొడుకు గురించి వచ్చినవాళ్లకు అలాగే చెప్పి పంపేవాణ్ణి. మా వైపు ఊళ్లలో ఒకరికొకరు చేసుకునే సాయం అది. కొత్త మనిషి వచ్చి ఎవరినైనా పేరు పెట్టి అడిగితే ఆ పేరుగల మనిషి ఊళ్లో ఉండడు.

మాస్టారు కాగితాలు జిల్లాకు పంపిన ఆ ఏడాదే ప్రభుత్వం కరణాలను తీసేసింది. అంతకుముందు సర్కారు మనిషి ఎవరొచ్చినా నేరుగా కరణం ఇంటికి పోయేవాడు. వచ్చిన పని ఏమిటో ఆయనకు చెప్పేవాడు, ఆయన మాకు కబురు పెట్టేవాడు. ఇప్పుడు చావడికి తాళం. అందుకని ఈసారి వచ్చిన సర్కారు మనిషి దారి అడుగుతూ నేరుగా మా వీధికే వచ్చాడు.

ఎండాకాలం, మధ్యాహ్నం అన్నాలయ్యాక. తెల్లచొక్కా, చంకలో సంచి. రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్లు నడిచి వచ్చినట్టు బూట్ల నిండా దుమ్ము. ఇంటిపేరుతో సహా అన్న పేరు అడిగాడు. జిల్లా నుంచి వచ్చానన్నాడు. ఎందుకని అడిగితే, చిన్న ఎంక్వయిరీ, బయటికి చెప్పకూడదన్నాడు. ఆయన మీద కేసులేమైనా ఉన్నాయా అన్నాడు. అంతే, కోర్టు మనిషేనని నాకు ఇక అనుమానం లేకపోయింది.

"మా అన్న ఊళ్లో లేడండీ. వెళ్లిపోయి రెండేళ్లయింది" అన్నాను.

"ఔను సార్, ఆ సాయిబు ఊరొదిలి చానాళ్లయింది" అన్నాడు ఎదురరుగు మీద నుంచి బాబాయ్.

ఆయన సంచిలోంచి కాగితం తీసి రాసుకున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడని అడిగితే తెలియదన్నాను. ఎక్కడున్నా వాయిస్తూనే ఉన్నాడు గదా అన్నాడు. అక్కడితో లేదని ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"ఇంకేం వాయిస్తాడండీ, పళ్లన్నీ ఊడిపోయినాయి. మానేశాడు" అన్నాను.

ఆయన తలెత్తి నా వైపు ఒకసారి చూసి, అదీ రాసుకొని, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాక అన్న బయటికి వచ్చాడు. చేతిలో సగం గీకిన పీక ఉంది. నాలుకతో పళ్లు తడుముకుంటూ, "పళ్లు కూడా పీకేశావేందిరా" అన్నాడు. నవ్వుతూ అన్నాడనే అనుకున్నాను.

ఆ జనవరిలో పేపరు వచ్చింది. అన్న పేరు లేదు. అన్న పేపరు అడగలేదు. బడిలో జెండా ఎగరేసేటప్పుడు ఏటా వాయించినట్టే వాయించి, ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. నేను పడుకోలేదు. అర్జీలు రాయడం మొదలుపెట్టాను. జిల్లాకు, హైదరాబాదుకు, ఢిల్లీకి. పల్నాడు వాడని చులకనా అని రాశాను. గుళ్లో వాయించే సాయిబు మీకు ఏ లెక్కలోకీ రాడా అని రాశాను. మొహానికి రంగు వేసుకుంటే తప్ప మీ కంటికి ఆనరా అని రాశాను.

అంతటితో ఆగలేదు. నరసరావుపేట బస్టాండు దగ్గర టీకొట్టు ముందు మాస్టారు సైకిలు మీద పోతుంటే ఆపాను. పదిమంది చూస్తున్నారు. "మీరు నాలుగు కాగితాలు టైపు కొట్టించి చేతులు దులుపుకున్నారు. మీ కులపోడైతే ఢిల్లీ దాకా పరిగెత్తేవాళ్లు" అన్నాను. ఆయన సైకిలు దిగి హ్యాండిలు పట్టుకొని నిలబడ్డారు. "అట్టాగేలేవయ్యా" అని, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లిపోయారు. తర్వాత తిరునాళ్లలో ఆయన కనపడలేదు. మా ఇంటికి మళ్లీ రాలేదు.

మండలాలు వచ్చాక నా అర్జీలన్నీ తిరిగి తిరిగి కొత్త మండల ఆఫీసుకు చేరాయి. నేను వారం వారం పోయి కూర్చునేవాణ్ణి. అక్కడి గుమాస్తా నన్ను చూసి విసిగిపోయాడు. ఒకరోజు, చూపించకూడదు గాని ఇది చూశాకైనా నన్ను వదలండి అని, ఒక ఫైలు తెరిచి నా ముందుకు తోశాడు. అందులో తెలుగులో రాసిన ఒక కాగితం ఉంది. సదరు వ్యక్తి గ్రామం విడిచి రెండు సంవత్సరములైనది. దంతములు ఊడిపోయినందున వాద్యము మానివేసినట్లు ఆయన సోదరుడు తెలిపెను. ఎదురింటి రైతు ధ్రువపరచెను. కావున ప్రతిపాదన విరమించవచ్చును.

నేను రెండుసార్లు చదివాను. నా జీవితంలో సర్కారువాళ్లు నా గురించి ఒక వాక్యం రాసింది అదొక్కసారే.

"ఈ సోదరుడు ఎవరండీ? మీరేనా?" అన్నాడు గుమాస్తా.

"ఆయన ఊళ్లో లేడండీ" అన్నాను.

ఎందుకు అలా అన్నానో నాకు తెలియదు. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. గుమాస్తా ఫైలు తన వైపు లాక్కున్నాడు. అది తప్పు రిపోర్టు అయితే, ఆ సోదరుడు వచ్చి నేను అబద్ధం చెప్పాను, మా అన్న అప్పుడూ ఇప్పుడూ ఊళ్లోనే ఉన్నాడు అని రాసిచ్చి సంతకం పెడితే, పైకి పంపడానికి వీలుంటుందేమో అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ కాగితం రాశాను. పంపలేకపోయాను. గురజాల కేసు ఇంకా నడుస్తూనే ఉంది. అన్న ఊళ్లోనే ఉన్నాడని సంతకం పెట్టడమంటే, ఇన్నాళ్లూ సాక్షిని నేనే దాచానని సంతకం పెట్టడం. పతకం రావాలంటే అన్నను కోర్టు బోనుకు అప్పగించాలి. రాసిన ప్రతి ముక్కా పోస్టులో వేసిన నేను ఆ ఒక్క కాగితాన్ని డోలు సంచిలో పెట్టుకుని తిరిగాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఊళ్లో లేడన్న మాట కాదు. అది అందరం చెప్పే మాట. పళ్ల మాట నాకెక్కడి నుంచి వచ్చింది? నన్నెవరూ అడగలేదు. నాలుగు పేజీల్లో నా పేరు లేకపోవడం మనసులో ఉండి, ఆ పూట పళ్లై బయటపడిందా? తువ్వాలూ వంకాయకూరా జ్ఞాపకం పెట్టుకున్నవాడు ఇదొక్కటీ మరిచిపోయి మాట్లాడి ఉంటాడా? ఇప్పటికీ నాకు తెలియదు. కాదని గట్టిగా చెప్పలేను.

నెల తర్వాత అన్నకు చెప్పాను. అన్న అరుగు మీద కూర్చుని పీక గీకుతున్నాడు. చెప్పడం అయ్యేదాకా చాకు ఆపలేదు.

"నాకు తెలుసులేరా" అన్నాడు.

"ఎట్టా తెలుసు?"

"కోర్టోడు వచ్చి గురువు పేరు అడుగుతాడంట్రా? తలుపెనకే ఉన్నాగా, వినపడింది."

"మరి బయటికి రాలేదేంది?"

పీకను వెలుతురుకు ఎత్తి చూసి, "భయమేసింది" అన్నాడు. "నీకేసింది గదా, నాకెయ్యదా?"

అది నిజమో, నా బరువు తగ్గించడానికి అన్నాడో తేల్చుకోలేకపోయాను. నిజమే అయితే, ఆ రోజు నుంచి మేమిద్దరం తలుపుకు చెరో పక్కన ఉండి ఒకే అబద్ధం చెప్పామన్నమాట. అలా అనుకుంటే నాకు కాస్త తేలికవుతుంది. అందుకనే నమ్మబుద్ధి కాదు.

మాస్టారు అప్పటికి సత్తెనపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నారని తెలిసి వెళ్లాను. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన విన్నారు. కూర్చోమనలేదు. ఎవరైనా అడగడానికి వస్తే ఉన్నదున్నట్టు చెప్పమన్నాను గదయ్యా అన్నారు. గడ్డివాము వెనక విస్తళ్లు వేసినవాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను నిలబెట్టి మాట్లాడిన మాస్టారి మీద మాత్రం ఒక్క మాట రాయలేదు.

ఎనభైల దశాబ్దం చివర్లో గురజాల పార్టీలు రాజీ పడ్డాయి. కేసు తేలిపోయింది. రాజీ విందుకు వాయించమని రెండు వైపుల నుంచీ మాకే కబురు వచ్చింది. అన్న వేళ్లు తడిమి చూసిన పెద్దాయన ముందు వరసలో కూర్చుని తల ఊపాడు. ఇంటికి రాగానే డోలు సంచిలోని కాగితం తీసి, మళ్లీ శుభ్రంగా రాసి, సంతకం పెట్టి పోస్టులో వేశాను. కాని ఆ చలికాలానికి అన్నకు పై వరసలో రెండు పళ్లు ఊడాయి. కొన్నాళ్లకు మూడోది. పీక పెదవుల మధ్య నిలవక పక్క నుంచి గాలి పోయేది. పై స్వరాలు వాయించడం మానేశాడు. పెళ్లివాళ్లు వేరే మేళం చూసుకుంటున్నారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తెల్లచొక్కా వేసుకుని, చంకలో సంచితో ఒక మనిషి మా వీధిలోకి వచ్చాడు. ఇంటిపేరుతో సహా అన్న పేరు చదివి, ఈ మనిషి ఇక్కడే ఉంటున్నాడా అని అడిగాడు. ఎదురరుగు మీద బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన వైపు చెయ్యి చూపి ఆపాను.

"ఉన్నాడండీ. లోపలే ఉన్నాడు. వాయిస్తూనే ఉన్నాడు" అన్నాను.

లోపల పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. వచ్చినాయన కాగితం మీద టిక్కు పెట్టుకుని, తర్వాత వదిన పేరు, నా పేరు చదివాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఓటర్ల జాబితా సరిచూడడానికి వచ్చాడని. లోపలికి పోయి అన్నకు చెబుదామని లేచేలోపే అన్న వాకిట్లోకి వచ్చాడు. నల్లకోటు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. నోట్లో పీక తడుపుకుంటున్నాడు. చేతిలో నాదస్వరం.

"ఏం వాయించమంటారండీ?" అన్నాడు.

ఆ మనిషి నా వైపు చూశాడు. లోపలికి పోయి డోలు తెచ్చి మెడలో వేసుకుని అన్న పక్కన నిలబడ్డాను. అన్న కింది స్వరాల్లోనే మొదలుపెట్టాడు. గాలి పక్క నుంచి పోతూనే ఉంది. అది వినపడకుండా నేను మామూలుకంటే గట్టిగా వాయించాను. ఆ మనిషి పెన్సిలు పట్టుకుని, వాయించడం అయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. తర్వాత బాబాయ్ ఇంటి వైపు తిరిగి ఆయన కొడుకు పేరు చదివాడు.